ఐదు గిన్నెల పులుసు

ఒడీలియా పదిహేడేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడింది. మెక్సికోలోని వహాకా కొండల్లో పక్క ఊళ్ళ పండుగ పోటీలకి వెళ్ళి మూడుసార్లు ఫైనల్ దాకా వచ్చింది. మూడుసార్లూ ఓడిపోయింది. పోయిన ఏడాది మోకాలు పాడయ్యాక సొంతూరి సభ ఆమెను ఆడపిల్లల జట్టుకి కోచ్‌గా నియమించింది. జీతం లేదు, కాదనడానికీ లేదు. ఇప్పుడు ఆ పిల్లలు ఫైనల్‌కి వచ్చారు. తను గెలవలేనిది వాళ్ళ చేత గెలిపించాలని ఆమె పట్టుదల.

తామెందుకు ఓడామో ఆమెకు బాగా తెలుసు. ఫైనల్‌కి ముందు, పొరుగూరి నుంచి వచ్చిన జట్టుకి పండుగ జరిగే ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు భోజనం పెడతారు. ఆ రోజు కోసిన ఎద్దు మాంసం పులుసు, దొంతర్లుగా మొక్కజొన్న రొట్టెలు. గిన్నెలో మిగిలిస్తే ఆ ఇంటిని అవమానించినట్టే. అందుకని అంతా తినేసి, రెండో సగంలో కాళ్ళు ఈడ్చుకుంటూ ఆడతారు. పండుగ జరిగే ఊరి జట్టు మాత్రం ఆట అయ్యాకే తింటుంది.

ఈసారి భోజనం తెక్లా పెద్దమ్మ ఇంట్లో. ఆవిడ ఐదుగురు పిల్లలకీ ఐదు గిన్నెల నిండా పులుసు పోసింది. పిల్లలు బిక్కమొహాలతో ఒడీలియా వైపు చూశారు.

"పెద్దమ్మా, పిల్లలకి తలో రొట్టె చాలు. వాళ్ళ పులుసు నాకు పెట్టు."

"ఐదుగురిదీనా? నీ కడుపా, కోనేరా?"

"కోచ్‌ని కదా, ఐదుగురి బాధ్యతా నాదే."

పెద్దమ్మ నవ్వలేదు. "సరే. ఒక్క ముక్క మిగిలినా పిల్లలే తినాలి. నా వంట పారబోయను."

మూడో గిన్నెకి ఒడీలియా నడుం పట్టీ వదులు చేసుకుంది. నాలుగో దానికి చెమటలు పట్టాయి.

"అక్కా, చాల్లే, పోతావ్!" అంది అందరికంటే చిన్నదైన రుఫీనా.

"నోర్మూసుకుని బూట్లు కట్టుకో."

ఐదో గిన్నె అడుగున ఒక పెద్ద ముక్క మిగిలింది. దాన్ని చూస్తూ కాసేపు ఊపిరి పీల్చుకుని, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తెక్లా పెద్దమ్మ గిన్నె తిరగేసి చూసింది.

"నా మొగుడు కూడా ఎప్పుడూ ఇంత తిన్లేదే," అంది. ఆ గొంతులో కోపం లేదు.

ఆట మొదలైంది. ఒడీలియా బెంచీ మీద కూలబడింది. లేచి అరుద్దామంటే ఒళ్ళు సహకరించలేదు. మొదటి సగంలో పిల్లలు ఆరు పాయింట్లు వెనకబడ్డారు. రెండో సగం వచ్చింది. ఎప్పుడూ తన కాళ్ళు బరువెక్కే సమయం అదే. పిల్లలు మాత్రం ఇంకా పరిగెడుతూనే ఉన్నారు. రుఫీనా కుడివైపు నుంచి దూసుకెళ్ళింది, మళ్ళీ వెళ్ళింది. ఆ ఊరి బ్యాండు మేళం వాళ్ళు పొరుగూరి పిల్లలు బంతిని బుట్టలో వేసినా బాకా ఊదారు.

ఒక్క పాయింటుతో గెలిచారు.

పిల్లలు అరుస్తూ వచ్చి ఆమెను భుజాల మీదికి ఎత్తుకోబోయారు.

"ఒద్దే, ఒద్దు! నన్ను కదిలించారంటే గెలిచిన సంతోషమంతా మీ మీదే కక్కుతాను," అంది ఒడీలియా. అంటూనే నవ్వుతూ, కడుపు పట్టుకుని ఏడ్చింది.