ఏనుగు పడుకున్నా కుంగని పరుపు

మా ఆవిడ యాభై రెండో ఏట పదో తరగతి పరీక్షకు కూర్చుంది. లెక్కలు, సైన్సు మొదటి దెబ్బకే గట్టెక్కాయి. భాష పేపరు మాత్రం రెండుసార్లు తన్నేసింది. మూడోసారీ పోతే పేరు కొట్టేస్తారు, అన్నీ మొదటినుంచి మళ్లీ రాయాలి. నా అంచనాలో ఆమెకు అంత ఓపిక మిగల్లేదు.

తరుగు ఎక్కడ వస్తోందో చూద్దామని నేనే ఆమె వెంట సాయంత్రం బడికి వెళ్లాను. అక్కడ రాయించిన నమూనా పరీక్ష జవాబు కాగితం పంతులమ్మ నా ముందు పెట్టింది. ఉపమ సరి. రూపకం సరి. ఉన్నదున్నట్టు వర్ణించే స్వభావోక్తికి ఉదాహరణ ఇమ్మన్న చోట మా ఆవిడ రాసింది: 'ఏనుగు పడుకున్నా కుంగని పరుపు.'

"ఇది అతిశయోక్తి కదండీ," అంది పంతులమ్మ నవ్వు ఆపుకుంటూ.

"ఎలా అవుతుంది? పాతికేళ్లుగా మా ఆయన పరుపుల కొట్లో చెప్పే మాటే. అబద్ధమైతే ఈపాటికి ఎవరో ఒకరు ఆ పరుపు తెచ్చి ఆయన మొహాన కొట్టేవారు కాదూ!" అంది మా ఆవిడ.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొనేవాడు మన మాటలో పదో వంతే నమ్ముతాడని తెలిసే ఆ మాట వాడతాం. పక్కనే కూర్చుని కుట్లు వేసే మనిషి మొత్తం నమ్మేస్తుందని నేను లెక్కలోకి తీసుకోలేదు.

మర్నాడు నడుం నొప్పితో ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. "ఉన్న మాట చెప్పండి, ఈ పరుపు ఎలా ఉంటుంది?"

అలవాటైన మాట నాలిక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ కుట్టు ఆపి నా వంకే చూస్తోంది.

"పన్నెండు కిలోల దూది," అన్నాను. "జానెడుకో కుట్టు. మొదటి నెల గట్టిగా ఉంటుంది, నన్ను తిట్టుకుంటారు. ఏడాదికి నడుం ఆనే చోట వేలెడు కుంగుతుంది. అప్పుడు ఎండలో వేసి, తిరగేసుకోవాలి."

"మరి ఏనుగో?" అంది మా ఆవిడ.

"ఏనుగు పడుకుంటే కుట్లన్నీ పటపటా తెగుతాయి."

డ్రైవరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏనుగెందుకండీ మధ్యలో? పడుకునేది నేనూ మా ఆవిడే!"

ఆలోచించుకుని వస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

"బేరం పోతే పోయింది. నాకు అర్థమైంది," అంది మా ఆవిడ. ఇక ఆ రోజంతా కనబడిందల్లా, వినబడిందల్లా ఉన్నదున్నట్టు చెప్పుకుంటూ పోయింది. తలుపు కిర్రుమంటోంది. పిల్లి గోనె మీద ముడుచుకుని ఒక్క చెవే కదుపుతోంది.

మూడోసారి రాసిన పరీక్ష ఫలితాలొచ్చాయి. భాషలో అరవై ఎనిమిది!

"ఇంతకీ స్వభావోక్తికి ఏం రాశావే?" అన్నాను.

"మిమ్మల్నే రాశాను. మా ఆయన సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చెయ్యి పూర్తిగా చాచి, ఒక కన్ను మూస్తాడు. మూడోసారి గురి తప్పాక, సూదిదే తప్పన్నట్టు దాన్ని తిట్టి నా చేతికిస్తాడు."

"అంతేనా? మనిషి అందగాడని ఒక్క ముక్క రాయలేకపోయావా?"

"రాయకేం, రాశాను," అంది. "అతిశయోక్తికి."