టేకు చెట్టు ఎవరి కిందకొస్తుంది?

దయామణి ఎం.ఏ. ఎకనామిక్స్ పాసైన ఎండాకాలంలో జీవానందం మావయ్య ఆమెకు నాలుగు టేకు చెట్లు బహుమతిగా ఇచ్చాడు. చెట్లంటే చెట్లు కాదు, రంగుల్లో అచ్చేసిన సర్టిఫికెట్. ఆదివారం ఆరాధన కాగానే బందరు నుంచి స్కూటరు మీద గుడివాడ వచ్చి, అక్క ఆనందమ్మ వండిన కోడికూర తృప్తిగా తిని, చెయ్యి తుడుచుకుంటూ దాన్ని బ్యాగులోంచి తీశాడు.

"నీ పేరున కొన్నానే. ఇరవయ్యేళ్లకి ఒక్కో చెట్టూ లక్ష. కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు నువ్వు."

అది 1997. టేకు చెట్లు అమ్మే కంపెనీలు ఊరూరా బోర్డులు కట్టిన కాలం. జీవానందం బందరులో ఎన్నాళ్లుగానో ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన మొహం చూసి సంఘంలో సగం మంది పాలసీలు కట్టారు. ఆ సంగతి తెలిసే టేకు కంపెనీవాళ్లు వెతుక్కుంటూ వచ్చి ఆయనకు ఏజెన్సీ ఇచ్చారు.

దయామణి సర్టిఫికెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎక్కడున్నాయి మావయ్యా నా చెట్లు?"

"దివిసీమలో. కోడూరు అవతల కంపెనీ తోట."

"అందులో నావి ఏ నాలుగు?"

"చెట్లకి పేర్లు పెడతారటే పిచ్చిదానా!" అని ఆయన పకపకా నవ్వాడు.

"నువ్వు చూశావా?"

నవ్వు ఆగింది. "ఫోటోలు చూశాను" అన్నాడు జీవానందం. అన్నాక ఆ మాట ఆయనకే వెలితిగా వినిపించినట్టుంది. "సర్లే, శనివారం వెళ్దాం. నాకూ చూడాలనే ఉంది."

శనివారం పామర్రులో కలుసుకుని, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరి, అక్కడ ఇంకో బస్సెక్కారు. కోడూరు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. రోడ్డు పక్కనే కంపెనీ బోర్డు, దాని వెనక పచ్చగా, బారులు తీరి టేకు మొక్కలు. జీవానందం ఛాతీ పొంగింది. "చూశావా మరి!"

దయామణి బారుల మధ్య నుంచి లోపలికి నడిచింది. కాస్త దూరం వెళ్లేసరికి పచ్చదనం అయిపోయింది. ఆ పైన బూడిద చల్లినట్టు తెల్లగా చవుడు నేల. మాడి నల్లబడిన పుల్లలు వరసగా నిలబడి ఉన్నాయి. బిందెతో నీళ్లు మోసుకొస్తున్న ఒకావిడ వాళ్లను చూసి ఆగింది. పక్కనున్న పల్లెపాలెం మనిషి, పేరు మహాలక్ష్మి. మొగుడు చేపల వేటకెళ్తే ఆమె ఇక్కడ కూలికొస్తుంది.

"ఫోటో దిగుతారా అండీ? ముందు వరసల్లో దిగండి, అందరూ అక్కడే దిగుతారు."

"ఇవన్నీ ఎందుకిలా అయ్యాయండీ?" అని అడిగింది దయామణి.

"ఉప్పు నేల కదండీ, టేకు ఎక్కడ బతుకుద్ది? సరుగుడైతే నిలుస్తాది. డబ్బు కట్టే పార్టీలు వస్తన్నాయంటే ముందురోజు లారీలో కొత్త మొక్కలు దింపుతారు. చచ్చినవి పీకి అవి నాటతాం." ఆమె బిందె దించి ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "మీవేనా అండీ ఈ చెట్లు? వచ్చినోళ్లందరూ మావే అంటారు. ఇంతమంది ఆసాములున్న తోట నేనెక్కడా చూళ్లేదు."

జీవానందం గట్టు మీద కూలబడి రుమాలుతో మొహం కప్పుకున్నాడు.

తిరుగు బస్సులో దయామణి కిటికీలోంచి చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి ఇటు తిరిగింది. "మావయ్యా, దీన్ని ఎవరు చూస్తారు?"

"చూడ్డమేంటే?"

"నీ పాలసీల మీద ప్రభుత్వం కన్ను ఉంది. బ్యాంకులకి రిజర్వు బ్యాంకు ఉంది. చీటీలకి చిట్ రిజిస్ట్రారున్నాడు. టేకు చెట్టు ఎవరి కిందకొస్తుంది?"

ఆయనకు తెలియదు. ఎవరికి తెలుసో కనుక్కుందామని సోమవారం ఇద్దరూ బందరంతా తిరిగారు. బ్యాంకు మేనేజరు సర్టిఫికెట్ చదివి, "డిపాజిట్ అని ఎక్కడా లేదమ్మా. చెట్టు అమ్మితే మేమేం అడుగుతాం?" అన్నాడు. చీటీల ఆఫీసులో గుమాస్తా, "ఇందులో పాట లేదు కదండీ. పాట లేనిది చీటీ ఎలా అవుద్ది?" అన్నాడు. అటవీశాఖ ఆయనైతే, "అడవిలో ఉంటే మా చెట్టు. పొలంలో ఉంటే మీ చెట్టు" అని తేల్చేశాడు. ఎవరూ విసుక్కోలేదు. ఎవరి మాటలోనూ తప్పు లేదు.

చివరికి కంపెనీ బ్రాంచికే వెళ్లారు. మేనేజరు మర్యాదస్తుడు. కూల్‌డ్రింకులు తెప్పించి, దయామణి చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"ఏ చట్టం తప్పామో చెప్పండి మేడమ్. మొక్క చస్తే ఇంకోటి నాటతామని రాసిచ్చాం. నాటుతున్నాం. పెరుగుతుందని ఎక్కడైనా రాశామా?"

దయామణి సర్టిఫికెట్ మళ్లీ చదివింది. నిజమే, రాయలేదు.

బయటికొచ్చాక ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "ఎంత తెలివి మావయ్యా! అందరూ తలా ఒక గడి గీసుకున్నారు. మధ్యలో ఒక గడి ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. వీళ్లు సరిగ్గా అందులో కుర్చీ వేసుకున్నారు!"

"నీకు సరదాగా ఉందే" అన్నాడు జీవానందం నెమ్మదిగా. "నా దగ్గర చెట్లు కొన్నవాళ్లంతా కంపెనీని చూసి కట్టలేదు. నన్ను చూసి కట్టారు."

దయామణికి చెంప మీద కొట్టినట్టయింది.

మర్నాటి నుంచి ఆయన కట్టినవాళ్ల గడపగడపకూ వెళ్లాడు. ఆమె వెంట వెళ్లింది. చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్లు అతికే వాళ్ల దగ్గర్నుంచి రిటైరైన టీచర్ల దాకా అందరికీ ఒకటే మాట: "నేను చూడకుండా చెప్పాను. ఇప్పుడు చూసొచ్చాను. ఎంతో కొంత వదులుకునైనా బయటికొచ్చెయ్యండి." కొందరు నమ్మి కోత పడినా డబ్బు వెనక్కి తీసుకున్నారు. కొందరు నమ్మలేదు. సూర్యకుమారి టీచరు అయితే వీధి గుమ్మంలోనే నిలబెట్టి, "కమిషన్ తిన్నప్పుడు తెలీలేదా జీవానందం?" అంది. ఆయన తల వంచుకుని, "తెలీలేదండీ" అన్నాడు.

ఆ ఏడాది చివర్లో గుడివాడ గ్రంథాలయంలో పేపరు చదువుతూ దయామణి ఒక చిన్న వార్త దగ్గర ఆగిపోయింది. ఇలాంటి తోటల పథకాలన్నిటినీ ఇక షేర్ మార్కెట్లను చూసే సెబీ కిందికి తెస్తున్నారట. ఆమె దాన్ని రెండోసారి చదివింది. అయితే ఎక్కడో ఎవరో ఆ ఖాళీ గడిని చూశారు. చూసి, ఇది ఎవరిదని తర్కించుకుని, గీత గీశారు. అందుకు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు!

ఆనందమ్మకు కూతురు బి.ఇడి. చేసి టీచరవ్వాలని ఉండేది. దయామణి సెబీలో ఉద్యోగానికి పరీక్ష రాస్తానంది.

"ఏం ఉద్యోగమే అది? పోలీసా?"

"కాదమ్మా."

"బ్యాంకా?"

"కాదు."

"మరేంటి?"

"ఇది ఎవరి కిందకొస్తుంది అని అడిగే ఉద్యోగం."

"దానికి పరీక్ష కూడానా!" అని ఆనందమ్మ నోరు నొక్కుకుంది.

కంపెనీ మరో రెండేళ్లకు బోర్డు తిప్పేసింది. ఆఖరిదాకా ఉన్నవాళ్లకు దక్కింది తక్కువే. ముందే తప్పుకున్నవాళ్లు జీవానందాన్ని పిలిచి మళ్లీ పాలసీలు కట్టారు. మిగతావాళ్లలో కొందరు చర్చిలో ఆయన పక్కన కూర్చోవడానికి చాలాకాలం ఇష్టపడలేదు. ఆయన ఏ ఆదివారమూ మానలేదు.

దయామణి మొదటిసారి పరీక్ష తప్పింది. రెండోసారి రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూలో పోయింది. ఈలోగా ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పింది. మూడోసారికి వచ్చింది ఉద్యోగం, చెన్నై ఆఫీసులో. బీచ్ రోడ్డు సముద్రం ఆమెకు బందరు సముద్రంలా అనిపించలేదు గానీ, పని మాత్రం అనుకున్నట్టే ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చట్టంలో ఒక్క మాట పట్టుకుని వాదించుకునే మనుషులు. ఇది అమ్మకమా, పెట్టుబడా? కొన్నవాడికి దాని మీద అదుపుందా, లేదా?

2006లో ఒకరోజు పై అధికారి ఆమె బల్ల మీద కొత్త ప్రకటన పెట్టాడు. పెద్ద కళ్ల పక్షి బొమ్మ ఉంది దాని మీద. "ఈము పక్షులట. జత కొంటే వాళ్లే పెంచి, నెలనెలా డబ్బిస్తారట. మనకొస్తుందా, పశువుల శాఖకా? చదివి నోట్ రాయండి."

దయామణి చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపింది. "సార్, ఇది గుడ్డు పెడుతుందా? ఏం తింటుంది? రోగమొస్తే?"

"అదంతా నోట్‌లో ఎందుకండీ?"

"ఎందుకో నాకూ ఇంకా తెలీదు సార్. ఒకసారి వెళ్లి చూసొస్తాను" అని ఆమె హ్యాండ్‌బ్యాగ్ అందుకుంది.