బావిలోంచి తీసిన డాక్టరు

కొండ మీది క్షయ ఆసుపత్రికి వచ్చేనాటికి హిపొలిట్ గవ్రోన్ చేతిలో ఉన్నది ఒక మంచి ఊపిరితిత్తి, ఒక చెడ్డ ఊపిరితిత్తి, పెట్టెడు డిటెక్టివ్ నవలలు. పోలండ్‌లోని వూచ్ పట్నంలో అతనిది బొత్తాల వ్యాపారం. నవలలు దివాళా తీసిన ఒక అచ్చాఫీసు గోదాములో తూకానికి కొన్నవి. తను మాత్రం ఒక్కటీ చదవలేదు. మిఠాయి అమ్మేవాడు మిఠాయికి మరిగితే కొట్టు మూసుకోవలసిందేనని అతని నమ్మకం.

అక్కడ అందరికీ పని ఒకటే. దుప్పట్లు చుట్టుకుని వరండాలో పడుకోవడం, పెట్టింది తినడం, సోమవారం తూకం ఎక్కడం. ఆ కొండ మీద డబ్బు చెల్లదు, వెన్న చెల్లుతుంది. ఇది గ్రహించాక గవ్రోన్ ఒక్కో నవలనీ కత్తితో నాలుగు ముక్కలు కోశాడు. మొదటి ముక్క ఊరికే. రెండోదానికి గ్లాసు పాలు, మూడోదానికి గుడ్డు. హంతకుడు దొరికే నాలుగో ముక్కకి వారం వెన్న. జ్వరంతో కళ్ళు మెరిసిపోయే మనుషులు తిట్టుకుంటూనే ఇచ్చారు. వాళ్ళ చెంపలు లోపలికి పోతుంటే అతని చెంపలు నిండాయి.

ఏ నవల చదవదగ్గదని అడిగితే, మొదటి ముక్క ఎంత తొందరగా తిరిగొస్తుందో దాన్ని బట్టి చెప్పేవాడు. ఆ సలహా ఎప్పుడూ తప్పలేదు. అన్నిటికంటే గిరాకీ పిండిమర ఇంటి హత్యల నవలకి. దాని నాలుగో ముక్క తలగడ కింద ఉండగానే ఒక దర్జీ కన్నుమూశాడు. పోయినవాడి పరుపుతో పాటు పక్కన ఉన్నవన్నీ కొలిమిలో వేయడం అక్కడి పద్ధతి. హంతకుడు కూడా బూడిదయ్యాడు. గవ్రోన్ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పటికే మూడు ముక్కలు చదివేసి కూర్చున్నాడు సెవెరిన్ వోలాన్స్కి. స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాడు, మంచం పట్టిన ముసలాయన. దక్షిణపు వరండాలో మూల మంచం ఆయనది. సాయంత్రం దాకా ఎండ పడేది అక్కడొక్కచోటే. ఆ ఎండ దొరికితే నడుచుకుంటూ ఇంటికి పోతావని డాక్టరు గవ్రోన్‌తో అని ఉన్నాడు. కాని ముందొచ్చినవాళ్ళు ఒప్పుకుంటే తప్ప మంచం మారదు.

ముసలాయన వెన్న ఇస్తానన్నాడు. గవ్రోన్ తల అడ్డంగా ఊపాడు. పుస్తకం చెయ్యి దాటిందనీ, కావాలంటే హంతకుడి పేరు నోటితో చెబుతాననీ, దానికి వెల మూల మంచమనీ అన్నాడు.

"ఎండ అడుగుతున్నావటయ్యా?"

"మీకింక ఎండతో పనేముంది పెద్దాయనా? పేరుతో ఉంది."

 వోలాన్స్కి నర్సు బ్రొనిస్లావాని పిలిచి మంచాలు మార్పించాడు. అదివరకు గవ్రోన్ ఉన్న ఉత్తరపు గదిలో, తడి గోడ పక్కన కుదురుకున్నాక అడిగాడు.

"ఇప్పుడు చెప్పు."

నవల మొదటి పేజీలో పాత్రల పట్టిక ఉంది. గవ్రోన్‌కి తెలిసింది అంతే. అందులో మర్యాదస్తుడిలా కనిపించినవాణ్ణి ఎంచుకున్నాడు.

"డాక్టరు."

"ఆ డాక్టరు శవాన్ని రెండో ముక్కలోనే బావిలోంచి తీశారయ్యా," అన్నాడు వోలాన్స్కి. నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు నెత్తురయింది.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోను," అని గవ్రోన్ ఎండలోకి నడిచాడు.

ఆనాటి నుంచి, డాక్టరుగారు బావిలోంచి లేచారా అని వరండా అంతా వెక్కిరించింది. అయినా వెన్న రావడం ఆగలేదు. మిగతా నవలలకి నాలుగో ముక్కలున్నాయి కదా. అతనికి చిక్కు ఇంకోచోట వచ్చింది. ఎండలో తోచక పిండిమర నవల మొదటి ముక్క తెరిచాడు. మూడో ముక్క అయ్యేసరికి తిండి సయించలేదు. అచ్చేసినవాడే దివాళా తీశాడు, ఇంకో ప్రతి ఎక్కడ దొరుకుతుంది? గుడ్డు పట్టుకుని ఉత్తరపు గదికి వెళ్ళాడు.

హంతకుణ్ణి తాను ఆలోచించి పట్టుకున్నానన్నాడు వోలాన్స్కి. గుడ్డు వద్దన్నాడు. వెన్నా వద్దన్నాడు.

"నా మంచం నాకివ్వు, చెబుతాను."

గవ్రోన్ లెక్క వేశాడు. ఒకవైపు పేరు, ఒకవైపు ఊపిరి. గుడ్డు జేబులో వేసుకుని తిరిగొచ్చాడు. మరో రెండుసార్లు వెళ్ళాడు, ఖాళీ చేతులతో నిలబడి బతిమాలాడు. ముసలాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం బ్రొనిస్లావా వచ్చి, ఆయన రమ్మంటున్నాడని చెప్పింది. గవ్రోన్ చెప్పులు మరిచి పరిగెత్తాడు. వోలాన్స్కికి గొంతు లేదు. చెవి దగ్గరికి తెమ్మని వేలితో సైగ చేశాడు.

"నువ్వన్నదే నిజం," అన్నాడు. "డాక్టరే."

ఆ పెదవుల మీది నవ్వుని చెరపడం చివరికి బ్రొనిస్లావాకి కూడా చేతకాలేదు. సాయంత్రానికి పరుపు కొలిమిలో కాలింది.

వసంతంలో గవ్రోన్‌ని ఇంటికి పొమ్మన్నారు. వెళ్ళేముందు ఆఖరిసారి తూకం ఎక్కాడు. బ్రొనిస్లావా రాయి జరిపి, తొమ్మిది కిలోలు పెరిగావంది, అభినందన మాత్రం చెప్పలేదు. ఆ తొమ్మిదిలో ఇతరుల వెన్న ఎంతో, వోలాన్స్కి ఎండ ఎంతో విడిగా తూచే వీలు ఆ త్రాసుకి లేదు.