నావ చెల్లెలు

కన్ను పోలేదు కదా, ఊరుకో అన్నారు అందరూ. ఆ మాట అన్నవాళ్ళలో ఒక్కరికీ బుగ్గ చీరుకుపోయిన పిల్ల లేదు. పిల్ల నాది. పేరు వీరవేణి. అప్పుడప్పుడే అడుగులు వేస్తోంది. కింది రెప్పకు కాస్త దిగువన మొదలై పెదవి దాకా చీరుకుపోయింది దాని బుగ్గ. ముఖమంతా వాచి కన్ను మూసుకుపోతే, లోపల గుడ్డు ఉందో లేదో తెలియక నేను అన్నం ముట్టలేదు. వాపు తీసి, అది కన్ను తెరిచి నా ముక్కుపుడక పట్టుకుని లాగిన పొద్దున ఏడ్చాను. అప్పటిదాకా ఏడవడానికి కూడా భయమేసింది.

అంత పని చేసింది దాని బండి. పిల్లలు పట్టుకుని నడక నేర్చుకునే మూడు చక్రాల కొయ్యబండి. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న మా పల్లెలో దాన్ని బండి అనం, నావ చెల్లెలు అంటాం. ఎవరైనా కొత్త నావ కట్టిస్తే, ఆ దుంగలోనే మిగిలిన చెక్కతో, ఆ వడ్రంగి చేతనే, ఆ ఇంటి పసిబిడ్డకు బండి చేయిస్తారు. వేరే చెక్క ముక్క ఒక్కటి కూడా కలవకూడదు. అన్న లాంటి నావ సముద్రం మీద ఉన్నంతసేపూ చెల్లెలు ఒడ్డున కాపు కాస్తుందని మా వాళ్ళ నమ్మకం. నావ నీళ్ళలో దిగే రోజునే బండి చక్రాలు కూడా తడిపి, పసుపు రాసి, బిడ్డ చేతికి ఇస్తారు. ఆ రోజు వేణి బండి తోస్తుంటే చూసి, పల్లెలో నా అంతటిది లేదనుకున్నాను.

నావ ఇద్దరిది. సగం మా ఇంటాయనది, సగం మా తమ్ముడు చినబాబుది. మా అయ్య సముద్రంలో పోయాక తమ్ముణ్ణి నేనే పెంచాను. వాడికి బావంటే ప్రాణం. దుంగ తేవడం దగ్గర్నుంచి నావ కట్టించడం దాకా అన్నీ బావకే వదిలేశాడు.

నావ కట్టింది వీరబ్రహ్మంగారు. వాళ్ళ నాన్న కోరంగిలో ఓడలు కట్టినవాడు. మా తీరంలో నావ అంటే ఆయన చేతిదే. నా పెళ్ళికి పుట్టింటి తరపున పెద్దదిక్కు లేదని, పీటలు తన చేత్తో చెక్కి తెచ్చి, "ఇవి మా అమ్మాయివి" అని నలుగురిలో చెప్పాడు. అప్పటినుంచి ఆయన నాకు బాబాయి. అందుకే బండి చక్రం ఊడి, విరిగిన కొయ్య నా పిల్ల బుగ్గలో దిగినప్పుడు, ముందు నాకు కోపం కూడా రాలేదు. బాబాయి చేసింది విరగడమేంటని తెల్లబోయాను.

కోపం తరవాత వచ్చింది. కులపెద్ద పల్లంరాజుగారి ముందు ఫిర్యాదు పెడతానన్నాను. మా అత్త మహాలక్ష్మమ్మ గుండెలు బాదుకుంది.

"వీరబ్రహ్మాన్ని పెద్దల్లో నిలబెడతావా? రేపు మన నావలకి ఎవరు చీల కొడతారే? వాడికి కోపమొచ్చి యానాం పోయాడంటే పల్లె పల్లెంతా నిన్నే తిడతారు."

మా ఇంటాయన అంతకంటే మెత్తగా చెప్పాడు. "ముసలాయన రత్తీ. చేతులు వణుకుతున్నాయి పాపం. పిల్ల కన్ను దక్కింది, అంతే చాలు. వదిలెయ్యి."

నా మొగుడిది ఎంత జాలిగుండె అని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చూస్తే నీకు బాధ అంటూ విరిగిన బండిని పొయ్యిలో పెట్టడానికి ఆయన ముక్కలు చేస్తున్నాడు. నడుం పట్టేసిందని నావ ఎక్కడం మానేసి, ఇంటిపట్టున వలలు కుట్టుకుంటున్న మనిషి, ఆ ముక్కలు మాత్రం గబగబా విరుస్తున్నాడు. నేనే లాక్కున్నాను. నా పిల్ల రక్తం అంటిన కొయ్య, నేను చూడకుండా కాల్చడానికి వీల్లేదన్నాను.

ఇరుసు దూరేచోట విరిగింది. విరిగినచోట గోరు పెడితే గుగ్గిలం పొడిపొడిగా రాలింది. నావ అతుకుల్లో నీళ్ళు చొరకుండా నూనెతో కలిపి కూరే గుగ్గిలమే అది. అది బండిలోకి ఎందుకొచ్చింది? ఇంకాస్త గీకాను. లోపలంతా బెజ్జాలు. చీపురుపుల్ల దూరేంత బెజ్జాలు, ఒకదాని పక్కన ఒకటి. ఉప్పునీళ్ళలో పడున్న దుంగను తొలిచే పురుగు పని అది. మా పల్లెలో చంటిపిల్లకైనా తెలుస్తుంది.

రెండే రెండు దారులు. బాబాయి ఎక్కడిదో పనికిరాని చెక్క తెచ్చి, ఆచారం తప్పి, నా పిల్లకు అంటగట్టి ఉండాలి. లేదంటే ఇది నావ దుంగలోని చెక్కే అయి ఉండాలి. ఆ నావ మీద నా తమ్ముడు రోజూ నేల కనబడనంత దూరం పోయి వస్తున్నాడు. బాబాయి నన్ను మోసం చేసి ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. తన బిడ్డకు ఎవరో ద్రోహం చేసి ఉండాలని మొక్కుకున్న తల్లిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ముక్క కొంగులో చుట్టుకుని బాబాయి పాకకు పోయాను. ఏటి ఒడ్డున కూచుని తెడ్డు చెక్కుతున్నాడు. నన్ను చూసి బాడిస కింద పెట్టాడు.

"పాప ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉందండి. ఈ చెక్క ఎక్కడిది బాబాయ్?"

ఆయన ముక్క వైపు చూడలేదు. "ఏదో... పాకలో పడుంటే చేశాను. పెద్దవాణ్ణి, పొరపాటైంది. తప్పు నాదే."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిజంగా లేచొచ్చింది. తిట్టడానికి కూడా నోరు రాలేదు. "అయితే ఆ బాడిస మీద చెయ్యేసి చెప్పండి. ఇది నావ దుంగ కాదని చెప్పండి. నన్ను మోసం చేశానని చెప్పండి బాబాయ్, దండం పెడతాను. నేను ఎక్కడా ఫిర్యాదు చెయ్యను. ఇక్కడే మరిచిపోతాను."

ఆయన చెయ్యి బాడిస దాకా వెళ్ళింది. దాని మీద పడలేదు. పనిముట్టు ముట్టుకుని అబద్ధమాడితే చెయ్యి పడిపోతుందని వాళ్ళ భయం. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అదే దుంగమ్మా," అన్నాడు. "వానల ముందు తెప్ప మీద దిగిన దుంగ. గట్టుకి లాగించమని మీ ఆయనకి చెప్పాను. లాగించలేదు. వానాకాలమంతా ఉప్పు పాయలోనే పడుంది. తీసి కోసేసరికి లోపలంతా పురుగు. ఇంకో దుంగ చూద్దామన్నాను. మంచి దుంగలన్నీ రాజమండ్రిలో రైలు వంతెన పనికి పోతున్నాయి, ఎక్కడ దొరుకుతుందన్నాడు. చినబాబుకి తెలిస్తే పరువు పోతుంది, బెజ్జాలు పూడ్చెయ్యి బాబాయ్, నాలుగు రోజులు పోయాక చెక్కలు మార్చుకుందాం అని కాళ్ళు పట్టుకున్నాడు."

"మరి పిల్ల బండి? దానికైనా మంచి చెక్క వెయ్యలేకపోయారా?"

"ఆచారం తప్పితే పాపం కదమ్మా," అన్నాడాయన. "వేరే చెక్క ఎలా కలుపుతాను?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రాణాలు మోసే నావను గుగ్గిలంతో పూడ్చినప్పుడు ఆయనకు పాపం గుర్తురాలేదు. పిల్ల బండి దగ్గర ఆచారం గుర్తొచ్చింది. నావలో తడిగా ఉన్నంతకాలం గుగ్గిలం పట్టుకునే ఉందట. బండి ఎండలో ఉండబట్టి పెళుసెక్కి రాలిందట. ఆ ఆచారమే లేకపోతే నాకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

"మీ ఆయన నిన్ననే వచ్చాడమ్మా. నువ్వు ఫిర్యాదు పెడితే బండి తప్పు నా మీద వేసుకోమన్నాడు. సరేనన్నాను," అన్నాడు నేను లేస్తుంటే. నా పీటలు చెక్కిన మనిషి ముఖం వైపు మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఇంటాయన వల ముందేసుకుని కూచున్నాడు. చేతిలో చెక్కముక్క చూడగానే చెయ్యి నడుం మీదికి పోయింది.

"దుంగ సంగతి తెలిసింది," అన్నాను.

కాసేపు వల సూదితో నేల గీకాడు. "నీళ్ళలో ఉన్నంతకాలం గట్టిగానే ఉంటుందే. వీరబ్రహ్మమే చెప్పాడు. ఏం కాదు."

"ఏం కాకపోతే నువ్వెందుకు ఎక్కట్లేదు మావా?"

నావ దిగిన వారానికే పట్టేసిన నడుం అది. నేను రోజూ నూనె కాచి రాశాను ఆ నడుముకి. ఇసక కాపడం పెట్టాను. నా తమ్ముడు రోజూ చేపలు తెచ్చి ముందు బావకు వండి పెట్టమనేవాడు. నొప్పితో ఉన్నాడక్కా, మంచి ముక్క ఆయనకెయ్యి అనేవాడు.

"చినబాబు ముందు నా పరువు తియ్యకే," అన్నాడు చివరికి. "నా బద్ధకంతో దుంగ పాడు చేశానని తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"వాడి మొహం ఏ ఒడ్డున తేలుతుందో అనుకున్నావా ఎప్పుడైనా?"

"బండి ఫిర్యాదు నేనే పెడతాను. వీరబ్రహ్మం ఒప్పుకుంటాడు. నీ కోపమూ తీరుతుంది. నావ మాట మాత్రం ఎత్తకు."

ఆయన ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు నిజమే. చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. కానీ ఏడుస్తూ కూడా నా తమ్ముణ్ణి ఆపుతానని అనలేదు.

తెల్లవారుతుండగా ముందు తమ్ముడి గుమ్మంలోకే పోయాను. "ఇవాళ ఎళ్ళకురా. నావలో పురుగుంది," అన్నాను. వాడు నవ్వాడు.

"బావ రాత్రే చెప్పాడక్కా, నువ్వొచ్చి ఇలాగంటావని. పాపకి దెబ్బ తగిలినకాణ్ణుంచి నీకు భయం పట్టుకుందంట. నావ రాయిలా ఉంది. నువ్వెళ్ళి పడుకో."

మా ఇంటాయన నాకంటే ముందే వచ్చి వెళ్ళాడన్నమాట. నా నోట్లో మాట నిజం కాకుండా చేసి వెళ్ళాడు. వాడితో వాదించడానికి పొద్దు లేదు. పెద్దల ముందు ఫిర్యాదు పడితే, అది తీరేదాకా ఆ నావ తాడు విప్పకూడదు. మా పల్లెలో నావను ఆపగలిగింది అదొక్కటే. ఫిర్యాదు పెడితే ఆ ఇంట్లో నాకు చోటు ఉండదనీ తెలుసు. అత్త నన్ను గుమ్మం తొక్కనివ్వదు. పిల్లను ఇస్తారో ఇవ్వరో. ఇంటికి పోయి పిల్లను చంకనేసుకుని, మరో చేత్తో బండి ముక్కలు పట్టుకుని ఒడ్డుకు పోయాను.

నావలు దిగే వేళ పల్లంరాజుగారు ఒడ్డునే ఉంటారు. చినబాబు అప్పటికే చుక్కాని దగ్గర ఉన్నాడు. వాడి వెంట పోయే మనుషులు ఇటూ అటూ పట్టారు. వెనక భుజం ఆనించి, కాళ్ళు ఇసకలో పాతి నావను తోస్తున్నది మా ఇంటాయన. నన్ను చూసి ఇంకా గట్టిగా తోశాడు.

ముక్కలు పల్లంరాజుగారి కాళ్ళ ముందు పోశాను. "ఫిర్యాదండి. ఈ చెక్క పుచ్చిపోయింది. ఆ నావదీ ఇదే చెక్క. ఆపించండి."

నావ తోసేవాళ్ళు ఆగారు. వీరబ్రహ్మంగారు కూడా వచ్చి వెనకాల నిలబడి ఉన్నాడు. అందరి కళ్ళూ ఆయన మీదికి పోయాయి. ఆయన తల దించుకున్నాడు. తప్పు మోయడానికి సిద్ధపడే వచ్చాడు.

పల్లంరాజుగారు ఒక ముక్క తీసి చూశారు. "ఎవరి మీదమ్మా? పేరు పెట్టి చెప్పాలి. పేరు లేని ఫిర్యాదుకి నావ ఆపే అధికారం నాకు లేదు."

"రత్తీ," అన్నాడు మా ఇంటాయన. ఆ ఒక్క మాటే అన్నాడు.

పెళ్ళయినప్పటినుంచి నా నోట రాని పేరు అది. ఎవరైనా అడిగితే పక్కవాళ్ళ చేత చెప్పించిన పేరు. చంకలో వేణి బుగ్గ మీది కట్టు ఊడదీసుకోవాలని గుంజుకుంటోంది.

"లోవరాజు," అన్నాను. "నా మొగుడు లోవరాజు మీద."

చినబాబు చుక్కాని వదిలేసి బావ వైపు చూశాడు.