చప్పుడుకు వారంటీ లేదు

"మీరు కోరినట్టు పార్టులు బిగించి ఇచ్చిన కంప్యూటర్లు వాపసు తీసుకోబడవు" అని మా దుకాణం గోడ మీద పెద్ద బోర్డు ఉంది. సరిగ్గా దాని కిందే నా బల్ల. వచ్చినవాళ్లు ఆ బోర్డును తీరిగ్గా చదువుతారు. చదివి, నా వైపు తిరిగి, "అన్నా, వాపసు తీసుకుంటారా?" అంటారు. ఒళ్లు మండుతుంది నాకు. పని పడితే నేను ఊరందరికీ అన్ననే. పని అయ్యాక వీధిలో ఎదురైతే ఎవడో ముక్కూ మొహం తెలియనివాణ్ణి.

అలాంటివాళ్ల కోసం నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంటుంది. "కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కాను దర్జీ వాపసు తీసుకుంటాడా?" అంటాను. దాంతో ఎంతటివాడి నోరైనా మూతపడాల్సిందే.

ఆవిడ వచ్చిన రోజు వాన పడుతోంది. యాభై దాటిన మనిషి. సీపీయూను దుప్పటిలో చుట్టి తెచ్చింది. తను తడిసింది గానీ దాన్ని తడవనివ్వలేదు. పోయిన వారం నా చేత్తో బిగించి ఇచ్చిన కంప్యూటరే అది.

"ఏమైందమ్మా? ఆన్ అవట్లేదా?"

"అవుతుందండీ."

"వేడెక్కుతోందా? మధ్యలో ఆగిపోతోందా?"

"లేదండీ."

"మరింకేంటి?"

"చప్పుడు చేయట్లేదండీ."

నవ్వాగలేదు నాకు. ఇన్నేళ్ల సర్వీసులో చప్పుడు ఎక్కువైందని ఏడ్చినవాళ్లనే చూశాను. వారంటీలో దానికి చోటుంది. చప్పుడు లేదన్నదానికి ఏ కంపెనీ చోటు పెడుతుంది? పైగా మనసు చివుక్కుమంది కూడా. పెద్దావిడ, ఇంట్లో ప్రశాంతంగా ఉంటుందని ఆమె అడగకపోయినా లోపల చప్పుడు లేని మంచిరకం ఫ్యాన్లు వెతికి మరీ వేశాను. మేలు చేయబోతే మెడకు చుట్టుకోవడమంటే ఇదే!

"దీన్ని ఉంచుకుని చప్పుడు చేసేది ఇవ్వండి" అంది.

వేలెత్తి బోర్డు చూపించాను. చూపించి, నా మాట వదిలాను. "కుట్టించుకున్న చొక్కాను దర్జీ వాపసు తీసుకుంటాడా అమ్మా?"

"నేను తీసుకుంటానండీ" అంది.

"ఏంటీ?"

"నాది కుట్టుపనే. కుదరలేదని తెస్తే విప్పి మళ్లీ కుట్టి ఇస్తాను. కుదరని బట్ట పెట్టెలో పడి ఉంటే ఎవరికి లాభం చెప్పండి?"

మొదటిసారి నా నోరే మూతపడింది. మాట మార్చి, "అసలీ కంప్యూటర్‌తో మీకేం పని?" అని అడిగాను.

"ఆన్ చేస్తానండీ."

"చేసి?"

"కుట్టుకుంటాను."

అప్పుడు చెప్పింది. "మా అన్నయ్యా, నేనూ ఒకే గదిలో పని చేసేవాళ్లమండీ. ఆ గోడ వైపు తను పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేవాడు. ఈ గోడ వైపు నేను మిషన్ తొక్కేదాన్ని. మా ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు గానీ, ఊళ్లో పెళ్లిళ్లన్నీ మా గదిలోనే అయ్యేవి. తన కంప్యూటర్ పిండిమరలా మోగేది. 'ఆ దయ్యాన్ని ఆపు, చెవులు చిల్లులు పడుతున్నాయి' అని రోజూ తిట్టేదాన్ని. 'ముందు నీ మిషన్ ఆపు' అనేవాడు. ఇద్దరమూ ఆపలేదు."

"ఇప్పుడాయన..."

"టీ తాగాడండీ. గ్లాసు కింద పెట్టాడు. అలాగే ఒరిగిపోయాడు. ఒక్క మాట లేదు. కంప్యూటర్ తనకు పనిచ్చే స్టూడియోవాళ్లది, వాళ్లొచ్చి పట్టుకెళ్లారు. అందులో ఏమేం ఉన్నాయో వాళ్లనే అడిగి, అచ్చం అవే మీతో వేయించాను. కానీ ఇది పలకట్లేదు. గదిలో నా మిషన్ చప్పుడొక్కటే వినబడుతుంటే కాలు ఆగిపోతోందండీ. ఎంత తొక్కుదామన్నా రాదు. ఇవ్వాల్సిన బట్టలు గుట్టపడ్డాయి. కుట్టకపోతే నేనెలా బతకాలి?"

నేనూ ఒంటికాయ సొంటికొమ్మునే. నా గదిలో తాళం తీస్తే తాళం చప్పుడు, గిన్నె దించితే గిన్నె చప్పుడు. ఇంకేమీ ఉండదు. దాన్నే ప్రశాంతత అనుకుని, ఈవిడకు కూడా అంటగట్టాను.

వెనక గదిలో ఒక అట్టపెట్టె ఉంది. మోగుతున్నాయని జనం మార్పించుకుపోయిన ఫ్యాన్లు అందులో ఉంటాయి. తెచ్చి బల్ల మీద పెట్టాను.

"చూడమ్మా, వీటిలో ఏది బిగించినా మీ వారంటీ మొత్తం పోతుంది. రేపు ఏ పార్టు కాలినా కంపెనీ పట్టించుకోదు. తర్వాత నన్నని లాభం లేదు."

"కానివ్వండి" అంది.

ఒక్కొక్కటే తగిలించి వినిపించాను. "ఇది కాదండీ, ఈల వేస్తోంది. అన్నయ్యది గొణిగేది." ఇంకొకటి పెట్టాను. "ఇది మరీ కోపంగా ఉంది." మరొకటి పెట్టాను. "దీనికి ఓపిక లేదు." నాకా, ఓపిక మొదటినుంచీ తక్కువే.

"ఇది ఫ్యానా అమ్మా, పెళ్లి సంబంధమా? ఇన్ని వంకలా!"

ఆవిడ ఫక్కున నవ్వింది. "అన్నయ్య కూడా ఇదే అనేవాడండీ. వంకలు పెట్టే నాకు ఒక్కటీ కుదరలేదని."

పెట్టె అడుగున దుమ్ము పట్టిన నల్ల ఫ్యాన్ ఒకటి మిగిలింది. తగిలించాను. గుర్రుమని మొదలై, గొణిగి, మధ్యమధ్య టిక్కుమంటోంది. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. ఇదీ నచ్చలేదేమోనని తీసేయబోయాను. అప్పుడు కిందికి చూస్తే, తడిసిన చెప్పులో ఆవిడ పాదం కదులుతోంది. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు. అక్కడ లేని మిషన్‌ను తొక్కుతోంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు.

ఇంకేమీ అడగకుండా స్క్రూలు బిగించాను.

బిగించాక చెప్పక తప్పలేదు. "అమ్మా, ఈ చప్పుడు దీని జబ్బు. లోపల బేరింగ్ అరిగిపోయింది. ఇది ఎక్కువకాలం ఉండదు. ఎన్నాళ్లుంటుందో నేనే కాదు, ఎవరూ చెప్పలేరు. ముందు చప్పుడు పెరుగుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది. పెరగ్గానే కంప్యూటర్ ఆపేసి నాకు ఫోన్ చేయండి."

దుప్పటి చుడుతున్న చేతులు ఆగాయి. "ముందు పెరుగుతుందా?"

"పెరుగుతుంది."

"అయితే ఇది చెప్పి పోతుందన్నమాట" అంది. "చాలండీ."

వాన వెలిసింది. "వెళ్లొస్తానండీ" అని మెట్లు దిగింది. అంతసేపు నా ఎదుట ఉండి కూడా నన్ను అన్నా అని పిలవనిది ఆవిడొక్కతే. ఆ పిలుపు ఆవిడ దగ్గర ఇంకొకరికి ఇచ్చేంత చవక కాదు.

ఆవిడ వెళ్లాక మళ్లీ వెనక గదిలోకి పోయి, తుక్కంతా తిరగేశాను. అచ్చం అలాగే గొణిగి టిక్కుమనే ఫ్యాన్ ఇంకొకటి దొరికింది. తుడిచి నా సొరుగులో పెట్టుకున్నాను. మా ఓనరు చూసి, "ఆ చెత్తెందుకయ్యా?" అంటే, "పనుంది" అన్నాను.

ఆవిడ నుంచి ఫోన్ రాకూడదనే కోరుకుంటున్నాను. రావాలని కూడా ఉంది, అబద్ధమెందుకు! దుకాణంలో ఫోన్ మోగితే ఇప్పుడు నేనే పరుగున పోయి ఎత్తుతున్నాను. అవతలి మనిషి మాట్లాడేలోపు, ఆ మనిషి వెనక ఏం మోగుతోందో ఒక్క క్షణం వింటున్నాను.