మధ్యన కూర్చున్నవాడు

లిటిల్ ఇండియాలో దుకాణాల వెనకున్న పచ్చిక మీద నూకరాజు ఇద్దరి మధ్యా కూర్చున్నాడు. ఎడంపక్క మారయ్య, కుడిపక్క సింహాచలం. ముగ్గురిదీ శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్ళు; ఇక్కడ పరాయి దేశంలో ఒకే షిప్‌యార్డులో పని, ఒకే డార్మిటరీలో మకాం. మారయ్య కూతురు కావ్యశ్రీని సింహాచలం తమ్ముడికి మాట్లాడింది నూకరాజే. శుక్రవారం ఊళ్ళో తాంబూలాలు.

ఈలోగా సింహాచలం ఆ పిల్ల ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కింద 'మా ఇంటి కోడలు' అని రాశాడు. డార్మిటరీ అంతా చూసింది. స్టేటస్ మర్నాటికి దానంతటదే మాయమైంది. మారయ్య కోపం మాయం కాలేదు.

"నూకరాజూ, సెప్పాడికి. నా గుంట, నా కూతురు, సంతలో బొమ్మేటి, అందరికీ సూపించడానికి?" అన్నాడు మారయ్య, రోడ్డుమీద బస్సుకేసి చూస్తూ.

సింహాచలం మూరెడు దూరంలోనే ఉన్నాడు. అంతా విన్నాడు. అయినా నూకరాజు తనవైపు తిరిగేదాకా ఆగాడు.

"తాంబూలాలు అవకుండానే ఫొటో పెట్టినావని అన్న బాధపడతన్నాడ్రా."

"పెడితే ఏటయిపోనాది? మా ఇంటికొచ్చే పిల్లే కదేటి!"

నూకరాజు ఎడంపక్కకి తిరిగాడు. "సంతోషం పట్టలేక పెట్టీసినాడట అన్నా."

మారయ్య ముక్కుతో గాలి వదిలాడు. ఇంక మెత్తబడ్డట్టే అనుకుని నూకరాజు టీకి లేచాడు. చేసిన పొరపాటల్లా అదే. మూడు టీలతో తిరిగొచ్చేసరికి ఇద్దరూ నిలబడి, ఒకరి తాతల్ని ఒకరు తవ్వుతున్నారు.

"కూకోండి," అన్నాడు. టీలు చేతుల్లో పెట్టి, మళ్ళీ మధ్యలో చతికిలబడ్డాడు. ఏమీ విననట్టు, "ఏటంతన్నావన్నా?" అని అడిగాడు.

"సమ్మందం వొద్దంతన్నాను! సెప్పాడికి!"

నూకరాజు ఒక గుక్క తాగాడు. కుడిపక్కకి తిరిగాడు.

"ఫొటో తీసీమంతన్నాడ్రా."

మారయ్య నోరు తెరిచాడు. అలాగే కాసేపు ఉంచి, టీ గ్లాసుకి ఆనించాడు.

సింహాచలం ఫోను తీశాడు. అక్కడ తీసెయ్యడానికి ఏమీ లేదు. అయినా రెండుమూడు చోట్ల గట్టిగా నొక్కాడు.

"తీసీసినాను. సెప్పు."

"తీసీసినాడన్నా."

మారయ్య బస్సుల్నే చూస్తున్నాడు. టీ తాగేసి గ్లాసు కింద పెట్టాడు.

"శుక్రారం ఎంతమందొస్తారో అడుగాణ్ణి. ఒంటలోళ్ళకి సెప్పాల."