తలుపుతో చేసిన బల్ల

ఆదివారం చుక్కల పలకలతో ఆడే డామినోల ఆటను తన వరండాలోకి తిరిగి రప్పించుకోవాలని ఎవరిస్తో మేష్టారు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. భార్య ఒడీలియా ఉన్నన్నాళ్ళూ ఆట అక్కడే. ఆమె పోయాక, ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదనుకుని అందరూ ఆమె తమ్ముడు నికానోర్ ఇంటికి మారిపోయారు. ఇబ్బంది పెట్టేవాళ్ళు లేకపోవడమే అసలు ఇబ్బంది అని చెప్పడం ఆయనకి చేతకాలేదు.

నికానోర్ ఇంట్లో ఉన్నది ప్లాస్టిక్ బల్ల. దానిమీద పలక ఎంత గట్టిగా కొట్టినా, తడిసిన చెప్పు నేలకేసి కొట్టినట్టు చప్పుడొచ్చేది. అది పట్టుకుని ఎవరిస్తో ఒకనాడు ధైర్యం చేశాడు.

"అసలైన చెక్కబల్ల చేస్తాను. మా ఇంట్లో ఆడదాం."

"నువ్వా బావా? నువ్వు భూగోళం మేష్టారివి. మేకు ఏ దిక్కుకి కొట్టాలో పటం చూసి చెప్తావా?" అన్నాడు నికానోర్. చివరికి మెత్తబడ్డాడు. "సరే, ఒక్క పూట ఆడి చూస్తాం. బాగోకపోతే మళ్ళీ మా ఇల్లే. ఇంక ఆ ఊసెత్తకూడదు."

చెక్క వెతుక్కోనక్కర్లేదు. ఒడీలియా బతికుండగానే ఒక తుఫాను వీధి తలుపుని ద్వారబంధంతో సహా పెకిలించేసింది. దాని చోట ఇనప తలుపూ గంటా వచ్చాయి. కరెంటున్నప్పుడు గంట, లేనప్పుడు వీధిలోంచి కేక. పాత మహాగని చెక్క తలుపు మాత్రం పెరటి గోడకి ఆనుకుని ఉండిపోయింది. ఆ తలుపు పోయినప్పట్నుంచి చిలక లోలా మాట మానేసింది. అరటిపండిస్తే తినేది, ఇవ్వకపోతే ఎవరిస్తోని ఎగాదిగా చూసేది.

పాత మేకులు ఒక్కొక్కటే పీకి, రాయిమీద పెట్టి తిన్నగా కొట్టి దాచుకున్నాడు. రంగు గీకితే నీలం కింద పచ్చ, పచ్చ కింద పసుపు బయటపడ్డాయి. ప్రతి రంగుకీ ఒడీలియాతో ఒక పోట్లాట గుర్తొచ్చింది. అన్నిట్లోనూ ఆవిడే గెలిచింది. తలుపు పైసగం బల్ల అయింది. ద్వారబంధం నాలుగు కాళ్ళయింది. అందులో ఒకటి ఎంత కొలిచినా పొట్టిదే. తాళంచెవి కన్నాన్ని మాత్రం పూడ్చడానికి మనసొప్పలేదు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. పక్కింటి తోమాసా చుట్టల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసింది, నోరు మాత్రం మానలేదు. ఆవిడ ఎవరిస్తో జట్టు. బస్సు డ్రైవరు రుఫీనో నికానోర్ జట్టు.

"మేష్టారూ, తాళం తిప్పితే బల్ల తెరుచుకుంటుందా?" అంది తోమాసా.

"తెరుచుకోవడం సంగతేమో గానీ ఊగుతోంది," అన్నాడు రుఫీనో. "నా బస్సే నయం."

నికానోర్ మాత్రం మొదటి పలక ఠప్పున కొట్టాడు. మహాగని ఖంగుమంది. "చప్పుడు బాగుంది," అని ఒప్పుకున్నాడు.

వేయడానికి పలక లేనివాళ్ళు బల్లని తట్టి ఊరుకోవాలి, అదే పాస్. ముందు తోమాసా తట్టింది. తర్వాత నికానోర్ వంతు. అతని ముందున్న చెక్క కాస్త గుంటపడి ఉంది. ఊరంతా ఏళ్ళ తరబడి తట్టిన చోటు అది. వేలి కణుపులతో అక్కడ టకటకమని తట్టాడు.

"వస్తున్నా, వస్తున్నా! తలుపు బద్దలు కొట్టకండి! కాళ్ళు తుడుచుకుని లోపలికి రండి!"

అచ్చం ఒడీలియా గొంతు. రుఫీనో చేతిలో పలకలు జారిపోయాయి. తోమాసా సిలువ గుర్తు వేసుకుంది. నికానోర్ తనకి తెలియకుండానే రెండు కాళ్ళూ నేలకేసి తుడిచాడు. అమ్మ లేని అతన్ని పెంచింది ఆ గొంతే.

పంజరంలో లోలా మెడ వంచి, ఇంకా లోపలికి రారేమని చూస్తోంది.

నికానోర్ మొహం పాలిపోయింది. ఆట ఇక తన ఇంట్లో ఉండదని ఎవరిస్తోకి అర్థమైపోయింది. లోపలికెళ్ళి పంజరం మీద కప్పడానికి దుప్పటి తెచ్చాడు.

"పొరపాటైంది నికానోర్. దీన్ని కప్పేస్తాను."

"ఉండనీ బావా," అన్నాడు నికానోర్, పలకలకేసే చూస్తూ. "ఊపిరాడదు దానికి."

ఆట సాగింది. పేర్చిన పలకల వరసకి రెండు కొసలా అయిదు చుక్కలే ఉన్నాయి, అయిదున్న పలకే వేయాలి. నికానోర్ తన పలకల్ని చాలాసేపు చూశాడు. మెల్లగా తట్టాడు.

"వస్తున్నా, వస్తున్నా!"

ఈసారి కాళ్ళు నింపాదిగా, శ్రద్ధగా తుడుచుకున్నాడు. తోమాసా తన ఆఖరి పలక కొట్టి ఆట ముగించింది. నికానోర్ గబగబా పలకలన్నీ కలిపేయబోతుంటే రుఫీనో అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా! ఇదేంటి? అయిదు-రెండు! చేతిలో అయిదు పెట్టుకుని పాస్ కొట్టావా? నేనొకసారి పొరపాటున కొడితే పండగ దాకా నాతో మాట్లాడలేదు కదరా నువ్వు!"

"కళ్ళు మసకలు," అన్నాడు నికానోర్.

"వీధి చివర కోడిపుంజు ఎవరిదో చెప్పే కళ్ళు!"

"ఊరుకో రుఫీనో," అంది తోమాసా. ఆవిడ అలా నెమ్మదిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. "ఆదివారానికి ఒక దొంగ పాస్ మాఫీ. ఈ బల్ల మీద అదే రూలు."

"ఈ కుర్చీలో కూర్చున్నవాడికే," అన్నాడు నికానోర్ వెంటనే. "ఈ కుర్చీ నాది. బావా, మా ప్లాస్టిక్ బల్ల కోళ్ళకి నీడగా పనికొస్తుందిలే. అది సరే, ఈ కుంటికాలి సంగతి చూడవయ్యా, పలకలు జారుతున్నాయి."

ఎవరిస్తో పంజరం కోసం తెచ్చిన దుప్పటి మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని, పొట్టి కాలి కింద దూర్చాడు. బల్ల ఊగడం మానేసింది. ఆయన కాసేపు అక్కడే, బల్ల కిందే ఉండిపోయాడు. పైన పలకలు గలగలా కలుపుతున్నారు.